ఆటలూ చూశాను, పద్దులూ చూశాను: ఫిలడెల్ఫియా ప్లీజ్ టచ్ మ్యూజియం

పిల్లల మ్యూజియం గురించి రాసేవారు సాధారణంగా పిల్లలు ఎంతసేపు ఆడుకున్నారు, కారు పెట్టుకోవడానికి చోటు ఉందా, తినడానికి ఏమి దొరుకుతుంది అన్న మూడు ముక్కలూ చెప్పి ఊరుకుంటారు. అందులో అవసరమైనవి నేనూ చెబుతాను. కానీ నేను ముప్పై నాలుగేళ్లు రాష్ట్ర ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పంచాయతీలు, పురపాలక సంఘాలు, మార్కెట్ కమిటీలు, గ్రంథాలయ సంస్థలు, ఎన్నింటి నగదు పుస్తకాలు తిరగేశానో లెక్కలేదు. ఏ సంస్థ గుమ్మం తొక్కినా, ఇక్కడికి సొమ్ము ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్న ప్రశ్న నాతోపాటే లోపలికి వస్తుంది. అందుకే ఈ సమీక్షలో సగం మ్యూజియం లోపల తిరిగి రాసినది, మిగతా సగం మా అమ్మాయి ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని రాసినది.

మా అమ్మాయి కుటుంబం ఫిలడెల్ఫియాకు పడమటి వైపు, గంటలోపు ప్రయాణం ఉండే ఊళ్లో ఉంటుంది. నేను వచ్చి ఐదు నెలలైంది. ఐదేళ్ల మనవరాలితో ప్లీజ్ టచ్ మ్యూజియంకు ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. మ్యూజియం అంటే మనకు మొదట గుర్తొచ్చేది అద్దాల పెట్టె, దాని మీద ‘తాకరాదు’ అన్న బోర్డు. ఇక్కడ సంస్థ పేరులోనే ‘దయచేసి ముట్టుకోండి’ అని ఉంది. పోర్షియా స్పెర్ అనే మాంటిస్సోరి ఉపాధ్యాయురాలు 1976లో దీన్ని ప్రారంభించారు. ఏడేళ్లలోపు పిల్లలకోసమే ఒక మ్యూజియం పెట్టాలన్న ఆలోచన అప్పటికి కొత్తది. అమెరికాలో పిల్లల మ్యూజియంలు 1899లో బ్రూక్లిన్‌లో మొదలయ్యాయి కానీ, అవి కాస్త పెద్ద పిల్లలను దృష్టిలో పెట్టుకున్నవి.

ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం పేరు మెమోరియల్ హాల్. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన మహా ప్రదర్శన కోసం దాన్ని కట్టారు. ఫెయిర్‌మౌంట్ పార్కు పచ్చిక మధ్య, రాతి గోడలతో, పైన ఇనుము, గాజు కలిపి కట్టిన గుమ్మటంతో దూరం నుంచే కనిపిస్తుంది. ఆనాటి ప్రదర్శన కోసం లేపిన ప్రధాన కట్టడాలలో నేటికీ నిలిచి ఉన్న పెద్దది ఇదే. లిబర్టీ విగ్రహం పూర్తికాకముందే దాని చెయ్యి, కాగడా ఆ ప్రదర్శనలో జనానికి చూపించారు. ఆ జ్ఞాపకంగా ఇప్పుడు మధ్య హాల్లో దాదాపు 40 అడుగుల ఎత్తున అదే చెయ్యి, అదే కాగడా పాత ఆటబొమ్మలతో, పారేసిన వస్తువులతో చేసి నిలబెట్టారు. మనవరాలు దాని కింద నిలబడి అందులో ఏ బొమ్మ ఎక్కడుందో వెతకడానికే పావుగంట తీసుకుంది. 1908 నాటి రంగులరాట్నం కూడా ఉంది. ఒకప్పుడు ఇదే నగరంలోని వుడ్‌సైడ్ పార్కులో తిరిగినది, చెక్కతో చెక్కిన జంతువులతో ఇప్పుడు ఇక్కడ తిరుగుతోంది. గుర్రాలే కాదు, పిల్లులు, కుందేళ్లు, పందులు కూడా ఉన్నాయి. మా పిల్ల మూడుసార్లూ పిల్లి మీదే ఎక్కింది.

అన్నిటికంటే ఎక్కువసేపు మమ్మల్ని పట్టి ఉంచినది పిల్లల సూపర్ మార్కెట్. పిల్లల నడుం ఎత్తున అల్మారాలు, వాటి నిండా ప్లాస్టిక్ పండ్లు, కూరగాయలు, పాల డబ్బాలు. తోసుకుని వెళ్లడానికి చిన్న బండ్లు. చివర డబ్బు కట్టే కౌంటరు. ఒకరు కొనేవారు, ఒకరు అమ్మేవారు. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ పాత్రలు పంచుకుంటారు. మనవరాలు కౌంటరులో నిలబడింది, నేను కొనేవాణ్ణి. నా బండిలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి పక్కన పెట్టింది. అంతా అయ్యాక చెయ్యి చాపి, “డబ్బులు ఇవ్వు తాతయ్యా” అంది. లేని నోటు ఇచ్చాను. లేని చిల్లర ఇచ్చింది. నేను బండి తోసుకుని వెళ్లబోతుంటే, “ఆగు, బిల్లు తీసుకోలేదు” అని పిలిచింది. నా జేబులోని చిన్న డైరీలోంచి ఒక కాగితం చించి ఇస్తే, దాని మీద రెండు అరటిపండ్లు, ఒక గుడ్డు, ఒక పెద్ద సున్నా గీసి, జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అల్లుడు, “మామయ్యగారూ, ఈ మ్యూజియం ఒకసారి దివాలా పిటిషన్ వేసింది, మీకు తెలుసా?” అన్నాడు. తెలియదు. ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక నేనూ అల్లుడూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

విషయం ఇది. 21వ వీధిలోని పాత చోటు చాలక మ్యూజియం నగరానికి చెందిన ఈ మెమోరియల్ హాల్‌లోకి మారాలనుకుంది. నూట ముప్పై ఏళ్ల భవనాన్ని పిల్లలకు తగినట్లు బాగుచేయాలి. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఖర్చు దాదాపు 8.8 కోట్ల డాలర్లు అయింది. అందుకోసం 2006లో ఫిలడెల్ఫియా పారిశ్రామికాభివృద్ధి సంస్థ ద్వారా 6 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, జారీ అయ్యాయి. ప్రజల నుంచి, పెద్ద దాతల నుంచి విరాళాలు వస్తాయి, వాటితో బాండ్లు తీర్చుతాం అన్నది ప్రణాళిక. కొత్త భవనం తలుపులు 2008 అక్టోబరు 18న తెరుచుకున్నాయి. దానికి దాదాపు నెల ముందు, సెప్టెంబరు 15న, లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలిపోయి ఆర్థిక సంక్షోభం ముదిరింది. అనుకున్న విరాళాలు అనుకున్నంత రాలేదు. పిల్లలు మాత్రం వచ్చారు, పాత చోటి కంటే చాలా ఎక్కువ మంది వచ్చారు. కానీ అప్పు భారం టికెట్ల డబ్బుతో తీరేది కాదు. చివరికి 2015 సెప్టెంబరులో మ్యూజియం దివాలా చట్టం 11వ అధ్యాయం కింద, అంటే సంస్థను నడుపుకుంటూనే అప్పులు సర్దుబాటు చేసుకునే వీలు కోసం, కోర్టు రక్షణ కోరింది. ఆ కాలమంతా తలుపులు మూయలేదు. 2016లో బాండ్లు కొన్నవారితో ఒప్పందం కుదిరి బయటపడింది. వారికి అసలులో చిన్న భాగమే దక్కింది.

టికెట్ల డబ్బుతో తీరేది కాదని ఊరికే అనడం లేదు. నా డైరీలో ఒక చిన్న లెక్క వేశాను. 6 కోట్ల డాలర్ల మీద ఏటికి 5 శాతం వడ్డీ అనుకుంటే 30 లక్షల డాలర్లు. ఒక టికెట్టు మీద 15 డాలర్లు చేతికి వస్తాయనుకున్నా, వడ్డీ కోసమే ఏటా 2 లక్షల టికెట్లు అమ్మాలి. అంటే సంవత్సరంలో ఒక్క రోజూ సెలవు లేకుండా రోజుకు దాదాపు 550 మంది. అది అసలు ముట్టకుండానే. ఆ 550 మంది డబ్బుతో ఒక్క బల్బు వెలగదు, ఒక్క ఉద్యోగికి జీతం రాదు, రంగులరాట్నానికి నూనె వేయరు. ఈ లెక్క వేయడానికి ఎవరికైనా ఐదు నిమిషాలు పడుతుంది. 2006లో ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు కూడా వేసే ఉంటారు. వేసి, విరాళాలు వస్తాయన్న నమ్మకం మీద సంతకాలు పెట్టారు.

నేను ఈ మ్యూజియం కథలో అన్నిటికంటే ముఖ్యమని అనుకునేది ఈ చోటే. ఇక్కడ డబ్బు ఎవరూ తినలేదు. నేను చదివినంతలో ఎక్కడా దొంగతనం ఆరోపణ కనిపించలేదు. ఒక మంచి ఉద్దేశం, అందమైన భవనం, ముందున్న విరాళాల మీద పెట్టుకున్న ఆశ కలిసి ఒక సంస్థను ముంచే దాకా తెచ్చాయి. ఆడిట్ అంటే దొంగను పట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. నా సర్వీసులో చూసిన నష్టాలలో ఎక్కువ భాగం దొంగతనం వల్ల కాదు, ‘వస్తుందిలే’ అన్న ఒక్క మాట వల్ల జరిగాయి.

లాభాపేక్ష లేని సంస్థల పద్దుల్లో ఈ ‘వస్తుందిలే’కి ఒక చోటు కూడా ఉంది. అమెరికా లెక్కల పద్ధతి ప్రకారం ఒక దాత షరతు లేకుండా ‘ఐదేళ్లలో ఇంత ఇస్తాను’ అని మాట ఇస్తే, ఆ మాటను ఆ ఏడాదే ఆదాయంగా రాసుకుంటారు. చేతికి రూపాయి రాకముందే పుస్తకంలో ఆదాయం కనబడుతుంది. అందులో తప్పేమీ లేదు, నియమమే అది. కానీ సామాన్యుడు ‘ఆదాయం ఇంత’ అని చదివి, అంత నగదు పెట్టెలో ఉందనుకుంటాడు. ఆస్తి అప్పుల పట్టీలో రావలసిన విరాళాల వరుస విడిగా ఉంటుంది. నేను ఏ సంస్థ కాగితం తెరిచినా మొదట వేలు పెట్టి చూసేది ఆ వరుసే. అది ఏటేటా పెరుగుతూ, నగదు నిల్వ ఏటేటా తరుగుతూ ఉంటే ఎర్ర పెన్సిల్‌తో ఒక గీత గీస్తాను.

ఇంకొక వరుస, దాత షరతులు పెట్టిన నిధి. మన గుళ్లలో శాశ్వత పూజకు కట్టిన సొమ్ము లాంటిది. అసలు ముట్టకూడదు, వడ్డీతో ఏటా ఆ తేదీన పూజ చేయాలి. మ్యూజియంకు ఎవరైనా ‘ఈ సొమ్ము కొత్త ప్రదర్శనకే’ అని ఇస్తే, దాన్ని కరెంటు బిల్లుకు వాడరాదు. కాబట్టి మొత్తం నిధి ఎంత అన్నది కాదు, అందులో షరతు లేనిది ఎంత అన్నదే సంస్థ ఊపిరి.

ఈ కాగితాలన్నీ నాకెలా దొరికాయని మీరు అడగవచ్చు. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన దాతృత్వ సంస్థలు ఏటా ఫారం 990 అనే రిటర్ను దాఖలు చేయాలి. గుళ్లు, చర్చిలు, మసీదుల వంటివాటికి అందులో మినహాయింపు ఉంది. మిగతావారు ఆ ఫారం గత మూడేళ్లవి ఎవరడిగినా చూపించాలి. నువ్వెవరు, ఎందుకు అని అడగడానికి వీల్లేదు. అడిగినా ఇవ్వకపోతే జరిమానా పడుతుంది. అడగవలసిన అవసరం కూడా ఇప్పుడు తగ్గింది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ ఈ ఫారాలన్నీ ఒకచోట చేర్చి ఉచితంగా చూపిస్తుంది. సంస్థ పేరు రాస్తే చాలు. ఈ దేశంలో నివసించే తెలుగువారికి ఇంకో మాట. మన తెలుగు సంఘాలలో పన్ను మినహాయింపు పొందినవి కూడా ఈ నియమం కిందికే వస్తాయి. ఏటా మీరు సభ్యత్వ రుసుము కట్టే సంఘం పేరు కూడా ఒకసారి అక్కడ రాసి చూడండి.

నేను ఆ ఫారం మొదటిసారి చదివిన రాత్రి పన్నెండు దాటింది. మా అమ్మాయి మంచినీళ్లకు లేచి వచ్చి, “నాన్నా, రిటైరయ్యాక కూడా ఈ పని ఏమిటి?” అంది. “కూర్చో తల్లీ, నీకూ చూపిస్తాను” అన్నాను. కూర్చుంది. ఖర్చుల పట్టికలో మూడు గడులు ఉంటాయి: అసలు సేవకు అయినది, కార్యాలయ నిర్వహణకు అయినది, విరాళాలు సేకరించడానికి అయినది. ఒక్కొక్క ఖర్చునూ ఆ మూడింటిలో విడగొట్టి చూపించాలి. బోర్డు సభ్యులందరి పేర్లు, వారానికి ఎన్ని గంటలు సంస్థ కోసం పనిచేశారు, ఎంత తీసుకున్నారు అన్నది ఒక భాగం. పై ఉద్యోగుల జీతాలు అందులోనే. బోర్డు సభ్యుడి కుటుంబానికి సంస్థతో వ్యాపారం ఉంటే దానికి ఒక షెడ్యూలు. పన్ను మినహాయింపు బాండ్లు తెచ్చుకున్నవారికి ఇంకో షెడ్యూలు. ఫారం దాఖలు చేయకముందు బోర్డు సభ్యులందరికీ ప్రతి ఇచ్చారా లేదా అని కూడా అడుగుతారు. మా అమ్మాయి ఆ ప్రశ్న దగ్గర ఆగి, “అంటే చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఇక్కడా ఉంటారన్నమాట” అంది. ప్రశ్న పెట్టారంటే ఆ అవసరం పడినట్టే కదా.

నన్ను కదిలించిన ప్రశ్న మాత్రం పాలనకు సంబంధించిన ఆరో భాగంలో ఐదో వరుసలో ఉంది. ఈ ఏడాది సంస్థ ఆస్తులు పెద్ద మొత్తంలో పక్కదారి పట్టినట్లు మీకు తెలిసిందా, అవునా కాదా అని సూటిగా అడుగుతారు. ఎంతైతే పెద్ద మొత్తం అన్నదీ చెప్పారు. స్థూల రాబడిలో 5 శాతం, ఆస్తుల్లో 5 శాతం, రెండున్నర లక్షల డాలర్లు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది దాటితే చాలు. అవునంటే ఏం జరిగిందో, ఏం చేశారో వివరించాలి. అబద్ధం రాస్తే శిక్షార్హమని ఒప్పుకుంటూ కింద సంతకం చేయాలి.

ఆ వరుస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకో చెప్పాలి. రిటైరైన కొత్తలో మా ఊళ్లో పిల్లల గ్రంథాలయం నడిపే ఒక ట్రస్టుకు నన్ను గౌరవ ఆడిటరుగా ఉండమన్నారు. జీతం లేదు, నేనూ అడగలేదు. పిల్లలు నేల మీద కూర్చుని కథల పుస్తకాలు చదువుకునే చోటు అది. భవనం కోసం విరాళాలు వసూలు చేయడానికి పద్నాలుగు రసీదు పుస్తకాలు అచ్చు వేయించారు. ఒక్కో దానిలో నూరు రసీదులు. లెక్కల వేళకు నా ముందుకు వచ్చినవి పదకొండు. మిగతా మూడూ ఏవి అని అడిగాను. “మనవాళ్ల దగ్గరే ఉన్నాయి సార్, వస్తాయి” అన్నారు. నెల ఆగాను. మళ్లీ అడిగాను. “ఇంత చిన్న విషయానికి అంత పట్టుదల ఎందుకు, మంచి పని కదా” అన్నారు. ఆ మూడు వందల రసీదుల మీద ఎవరు ఎంత ఇచ్చారో, అసలు ఇచ్చారో లేదో తెలిసే దారి లేదు. బహుశా అల్మారా వెనక ఖాళీగా పడి ఉన్నాయేమో, అదీ సాధ్యమే. కానీ తెలియని లెక్క మీద ‘సరిచూశాను’ అని సంతకం పెట్టలేక బయటికి వచ్చేశాను. ఆ ట్రస్టుకు విరాళం ఇచ్చిన ఒక పాల వ్యాపారి తర్వాత బజారులో కనబడి, “మా డబ్బు ఇల్లు చేరిందా సార్?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అతను తన రసీదు జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

మనకు చట్టాలు లేవని కాదు. విరాళం మీద పన్ను తగ్గింపు కోసం దాతకు ధ్రువపత్రం వస్తుంది. ట్రస్టు పద్దులను చార్టర్డ్ అకౌంటెంట్ ఆడిట్ చేస్తాడు. కానీ ఆ ట్రస్టు రిటర్నును పాల వ్యాపారి ఇంట్లో కూర్చుని తెరిచి చూసుకునే ఏర్పాటు లేదు. గ్రంథాలయాల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరి దగ్గరా రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరని బకాయిల గురించి నా ఆడిట్ నివేదికల్లో ఎన్నిసార్లు అభ్యంతరం రాశానో! తన ఎనిమిది పైసలు ఏ గ్రంథాలయంలో ఏ పుస్తకమయ్యాయో కట్టినవాడికి ఎప్పుడూ తెలియదు.

అయితే ఫారం 990 ఉన్నంత మాత్రాన అంతా కనబడుతుందని చెప్పను. మొదటి లోపం ఆలస్యం. సంవత్సరం ముగిశాక నాలుగున్నర నెలలకు గడువు, అడిగితే మరో ఆరు నెలలు. కాబట్టి జూన్‌తో ముగిసిన ఏడాది లెక్క మరుసటి మే నెల దాకా రాకపోయినా చట్టబద్ధమే. సంస్థ మునుగుతున్నప్పుడు జనం చదివేది దాని పాత ఆరోగ్యం గురించి. రెండోది ఖర్చుల విభజన. ఒకే ఉద్యోగి జీతాన్ని సేవకు ఇంత, కార్యాలయానికి ఇంత అని పంచేది సంస్థే. ఆ పంపకంలో ఉదారంగా ఉంటే ‘నూటికి తొంభై పిల్లలకే ఖర్చు పెట్టాం’ అని చెప్పుకోవచ్చు. పైగా ఆ శాతమే చూసి సంస్థలకు మార్కులు వేయడం నాకు నచ్చదు. మంచి అకౌంటెంటుకు జీతం ఇస్తే అది ‘కార్యాలయ ఖర్చు’ కిందికి పోతుంది. ఆ ఖర్చు తగ్గించుకున్న సంస్థలోనే మూడు రసీదు పుస్తకాలు మాయమవుతాయి. మూడోది, పెద్ద దాతల పేర్లు ప్రజలకు ఇచ్చే ప్రతిలో ఉండవు.

పెన్సిల్వేనియాలో విరాళాలు అడిగే కాగితాల మీద ఇంకో వాక్యం అచ్చవుతుంది. సంస్థ రిజిస్ట్రేషన్, ఆర్థిక వివరాలు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఫలానా ఫోను నంబరులో దొరుకుతాయనీ, రిజిస్టర్ అయినంత మాత్రాన ప్రభుత్వం సిఫారసు చేసినట్లు కాదనీ. ఎంత నిజాయితీ గల వాక్యం! మన దగ్గర ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని బోర్డు కట్టుకోగానే జనం లేచి నమస్కారం పెడతారు.

మ్యూజియం వైపు నుంచి నేను కోరేది ఒకటుంది. ఇది ఈ ఒక్క మ్యూజియం మీద ఫిర్యాదు కాదు, పిల్లల మ్యూజియంలన్నిటికీ చెప్పే మాట. ప్రవేశ ద్వారం దగ్గర దాతల పేర్లు రాతి మీద చెక్కించే చోట, పక్కనే ఒక్క పేజీ లెక్క పెట్టండి. పోయిన ఏడాది ఎంత మంది వచ్చారు, టికెట్ల ద్వారా ఎంత, విరాళాల ద్వారా ఎంత, ఎంత అప్పు ఉంది, చేతిలో నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది. తక్కువ ధరకు లోపలికి వచ్చిన పిల్లలు ఎంతమంది అన్నది పెద్ద అక్షరాల్లో. ప్రభుత్వ ఆహార సహాయ కార్డు ఉన్న కుటుంబాలను 3 డాలర్లకు మించకుండా లోపలికి రానిచ్చే ‘మ్యూజియమ్స్ ఫర్ ఆల్’ అనే జాతీయ ఏర్పాటు 2014 నుంచి ఈ దేశంలో నడుస్తోంది. ఎంతోమంది తల్లులకు ఆ కార్డు చూపించడమంటే సిగ్గు. ఏడాదికి ఎంతోమంది అలా వస్తున్నారని గోడ మీద రాసి ఉంటే ఆ సిగ్గు కొంత తగ్గుతుంది. ఈ ఒక్క పేజీకి ఏ చట్టమూ అక్కర్లేదు.

బాండ్లు కొన్నవారిని కూడా నేను మరిచిపోలేను. పిల్లల మ్యూజియం నిలబడింది, సంతోషం. కానీ నిలబడడానికి వారు నష్టం భరించారు. బాండ్లు అంటే ఏదో కోటీశ్వరుల జూదమని అనుకోకూడదు, ఇలాంటి బాండ్లలో మామూలు మనుషులు ముసలితనానికి దాచుకున్న సొమ్ము కూడా ఉంటుంది. పింఛను మీద బతికే నాకు అది ఇంకా బాగా తెలుసు.

ఇక వెళ్లాలనుకునేవారికి అవసరమైన మాటలు. ఏడేళ్లలోపు పిల్లలుంటే తప్పక వెళ్లండి. పదేళ్లు దాటినవారికి విసుగు పుడుతుంది. నీళ్లలో పడవలు, బంతులు వదిలే ప్రదర్శన ఉంది, అక్కడ చేతులు చొక్కాలు తడవకుండా వచ్చిన పిల్లను నేను చూడలేదు. ఒక జత బట్టలు వెంట తీసుకెళ్లండి. బడులు నడిచే రోజుల్లో ఉదయం పూట వెళితే ప్రశాంతంగా ఉంటుంది. కారులో వెళ్లడమే తేలిక. మా వంటి ముసలివాళ్లు కూర్చోవడానికి కింది అంతస్తులో 1876 ప్రదర్శన నమూనా ఉన్న చోటు బాగుంటుంది, చిన్న చిన్న భవనాలు, చెట్లు, దారులు ఎంతసేపు చూసినా తనివి తీరదు. పిల్లలైతే ఐదుకు ఐదు ఇస్తారు. నేను నాలుగు ఇస్తున్నాను. మిగిలిన ఒకటి ఆ ఒక్క పేజీ గోడ మీద పెట్టిన రోజున ఇస్తాను.

మూడోసారి వెళ్లి వచ్చాక నా పింఛను సొమ్ములోంచి చిన్న విరాళం ఇవ్వాలనుకున్నాను. కంప్యూటర్లో దాన్ని నింపుతూ మా అమ్మాయి, “ఏదైనా ప్రత్యేక పనికి ఇవ్వమంటావా నాన్నా? రంగులరాట్నానికి ఇద్దామా?” అని అడిగింది. వద్దన్నాను. రంగులరాట్నం మీద ఇష్టం అందరికీ ఉంటుంది, దానికి ఇచ్చేవారు దొరుకుతారు. పైకప్పు కారకుండా చూసే మనిషికి, రాత్రి నేల తుడిచే మనిషికి, లెక్కలు సరిచూసే గుమాస్తాకు జీతం కావాలి. ఏ షరతూ పెట్టవద్దు, ఏ అవసరానికైనా వాడుకోనివ్వమని చెప్పాను. రసీదు వచ్చాక అచ్చు తీయించి, మనవరాలు గీసి ఇచ్చిన బిల్లుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టాను.